నాలుగో ముక్క

"నీ మొగుడు ఆ మైదానంలో కాలు పెడితే నేను పెట్టను! అన్న కావాలో, ఆ మనిషి కావాలో తేల్చుకోవే చిట్టీ!"

అమ్మ ఈ మాట వీధి మెట్టు మీద నిలబడే అంది. లోపలికి రాలేదు. కూతురి ఇంటి గడప దాటడం ఆవిడ మనవరాలు పుట్టకముందే మానేసింది. ఇప్పుడు ఆ మనవరాలు హైస్కూలు చదువుతోంది! వారానికోసారి వస్తుంది, మెట్టు మీదే నిలబడి చెప్పాల్సింది చెబుతుంది, ఇచ్చిన మంచినీళ్ళు అక్కడే తాగుతుంది. అల్లుడు ఇంట్లో ఉన్నాడంటే ఆ నీళ్ళూ ముట్టదు. అతనికేదైనా చెప్పాల్సివస్తే ఎదురుగా ఉన్న గోడకి చెబుతుంది. పాపం, ఆ గోడ ఇన్నేళ్ళుగా పడ్డ మాటలకి మనిషైతే ఎప్పుడో ఇల్లొదిలి పారిపోయేది!

"సరేనమ్మా," అంది చిట్టి.

"ఏది సరే?"

చిట్టికి నిజంగానే తెలియలేదు. ఏది సరే? అమ్మ చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుని, దాన్నే చూస్తూ నిలబడింది. ఏడుపు రావాల్సిన చోట ఏమీ రావడం లేదు... చాలాకాలంగా అంతే!

గొడవంతా స్టేషను ఎదుటి మైదానంలో నిలబెడుతున్న రాతి గురించి. సముద్రం దాటి యుద్ధానికి వెళ్ళి, శత్రువుల చేతికి చిక్కి, ఖైదీల శిబిరాల్లోనే కన్నుమూసిన ఈ ఊరి కుర్రాళ్ళ పేర్లు దాని మీద చెక్కించారు. ఇన్నాళ్ళకి ఊరికి గుర్తొచ్చారు వాళ్ళు! యుద్ధంలో పోయినవాళ్ళకి దండలు పడ్డాయి గానీ, ఖైదీలుగా పోయినవాళ్ళని గురించి మాట్లాడాలంటే జనానికి నోరు రాలేదు. చేతులెత్తేసినవాళ్ళే కదా అని చెవులు కొరుక్కునేవారు. చివరికి హెడ్మాస్టరుగారు పూనుకుని ఈ పని తలకెత్తుకున్నారు. పేర్లు వరసగా పైకి చదవాలి, ఆ తర్వాత ఎవరైనా ఒక తల్లి రాతి మీది తెర తీయాలి. తెర తీయడానికి చిట్టి అమ్మని అడిగారు. పేర్లు చదవడానికి, ఆ శిబిరం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చింది ఒక్కడే కనక, చిట్టి భర్తని అడిగారు. అత్తాఅల్లుళ్ళని ఒకే వేదిక ఎక్కిస్తే పాత కక్షలు కరిగిపోతాయనుకున్నారు పాపం, మంచి మనిషి!

ఆ కక్ష కరిగేది కాదు. చిట్టి అన్నయ్యా, చిట్టి భర్తా ఒక వీధిలో ఆడుకున్నవాళ్ళు. అన్నయ్యే పట్టుబట్టి తన స్నేహితుడికి చెల్లెల్నిచ్చి చేయించాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఇద్దరికీ పిలుపొచ్చింది. ఓడ ఎక్కబోతుంటే అమ్మ అల్లుడి రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు పెద్దవాడివి నాయనా, వాడు ఒట్టి పసివాడు... వాడిని నీకప్పగిస్తున్నాను!" అంది. యుద్ధం ముగిశాక అల్లుడొక్కడే దిగాడు. ఎముకలగూడులా ఉన్నాడు. "జ్వరంతో పోయాడత్తయ్యా," అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. ఎలా పోయాడు? ఎప్పుడు పోయాడు? పోయేముందు అమ్మా అన్నాడా? ఎన్ని అడిగినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. కడుపుకోత ఆగక అమ్మ, "నా బిడ్డ నోటికాడి కూడు తిని బతికొచ్చావా!" అని అరిచింది. కన్నతల్లి, ఆ బాధలో ఏ మాటైనా వస్తుంది. కాదు అని అతనొక్క మాట అనుంటే ఆవిడే కాళ్ళావేళ్ళా పడి ఏడ్చుండేది. అతను తల దించుకున్నాడు. నోరు మెదపలేదు!

ఆ మౌనాన్నే అమ్మ సాక్ష్యంగా పట్టుకుంది. అప్పటినుంచీ చిట్టి ఇద్దరి మధ్యా నలుగుతూ, నలిగి నలిగి చివరికి నొప్పి కూడా తెలియని మనిషైపోయింది.

సాయంత్రం మేస్త్రి పని నుంచి వచ్చాడు. చిట్టి భర్తని ఊరంతా అలాగే పిలుస్తుంది. తలుపులూ ద్వారబంధాలూ చేసే కార్ఖానాలో పెద్ద వడ్రంగి అతను. చొక్కా దులుపుకుని, చేతులు కడుక్కుని, బల్ల ముందు కూర్చుని రొట్టె ముందుకు లాక్కున్నాడు. ఆ ఇంట్లో రొట్టె కోసే పని ఇంకెవరికీ ఇవ్వడు. చెక్క వంకర చూసినట్టు ఒక కన్ను మూసి, రొట్టెని ఇటూ అటూ తిప్పి చూసి, అప్పుడు కత్తి పెడతాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. కోసేది మాత్రం నాలుగు ముక్కలు! తలా ఒకటీ తింటారు. భార్యా కూతురూ లేచేదాకా ఆగి, ఆ నాలుగోది అతను తింటాడు. ఆకలిగా తినడు, మందు మింగినట్టు తింటాడు. బల్ల మీద రాలిన పొడి కూడా వేలితో అద్ది నోట్లో వేసుకుంటాడు.

"నాన్న రెండో వాటా మొదలైంది," అని కూతురు నవ్వేది. చిట్టికి నవ్వు రాలేదు ఎప్పుడూ. పని లేక ఇల్లు గడవని రోజుల్లో కూడా ఆ నాలుగో ముక్క ఆగలేదు. చిట్టి తన ముక్కలో సగం పిల్లకి పెట్టేది గానీ, ఇదేమిటండీ అని అడగలేదు. అడిగితే ఏం వినాల్సివస్తుందోనని భయం!

"అమ్మ వచ్చింది," అంది చిట్టి. "మీరు మైదానానికి రావద్దంటోంది..."

"సరే."

"హెడ్మాస్టరుగారికి ఏం చెబుతారు?"

"పేర్లు చదవనని మొన్నే చెప్పాను. వేదిక కట్టిపెడతానన్నాను. అది కట్టేశాను. ఇంక నాకక్కడ పనేముంది?"

అంతే! కోపం లేదు, నొచ్చుకోవడం లేదు. ఇద్దరూ ఒకే రకం మనుషులైపోయారు, మొగుడూ పెళ్ళాలు! కూతురే వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, కంచం తీసుకుని లేచిపోయింది.

రాతికి కప్పే తెర ఇస్త్రీకి చిట్టి దగ్గరికే వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేదీ, ఇస్త్రీ చేసేదీ ఆమే. ఆ తెల్లటి బట్ట మీద పెట్టె నడుపుతూ అన్నయ్య మొహం గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు... మీసం ఇంకా సరిగ్గా రాలేదనీ, ఓడ మీంచి టోపీ ఊపాడనీ తెలుసు. మొహం మాత్రం రాలేదు! పక్కనున్న ఆవిడ, "అయ్యో చిట్టీ, చెయ్యి!" అని కేక వేస్తే గానీ, పెట్టె అంచు మణికట్టుకి ఆనుకుని ఉందని చూసుకోలేదు. తోలు ఎర్రగా కమిలిపోయింది. "నొప్పి లేదా?" అందావిడ. లేదు. చిట్టి తెరని నాలుగు మడతలు వేసి పక్కన పెట్టింది.

తెర తీసే రోజు పొద్దున ఊరంతా మైదానంలోనే ఉంది. రాత్రి కురిసిన వానకి నేల మెత్తబడింది. అమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలెత్తుకుని వేదిక ఎక్కింది. అల్లుడెక్కడైనా ఉన్నాడేమోనని నాలుగువైపులా చూసి, లేడని నిమ్మళించి, తెర తాడు చేత్తో పట్టుకుని నిలబడింది. చిట్టీ, కూతురూ ముందు వరసలో కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని పేర్లు మొదలుపెట్టారు. ఒక్కో పేరుకీ జనంలో ఎక్కడో ఒకచోట ఎవరో వెక్కిన చప్పుడు. బేకరీ వాళ్ళబ్బాయి... రైల్వే గార్డుగారి తమ్ముడు... కవలల్లో చిన్నవాడు... అన్నయ్య పేరు వచ్చింది.

"హాజర్!"

వేదిక అడుగునుంచి వచ్చిందా కేక!

జనం ఉలిక్కిపడ్డారు. వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్మాస్టరుగారు తనకి సరిగ్గా వినబడిందో లేదోనని, అలవాటు కొద్దీ అదే పేరు మళ్ళీ చదివారు.

"హాజర్..."

ఈసారి నీరసంగా, జ్వరపడ్డవాడి గొంతులా వచ్చింది. చిట్టి వంగి చూసింది. పలకల కింద, బురదలో, ఆమె భర్త పడుకుని ఉన్నాడు! మెత్తబడ్డ నేలలో వేదిక కాలు ఒకటి దిగిపోతుంటే, అత్తగారు నిలబడ్డ చోట వేదిక ఊగకుండా, భుజం ఆనించి పట్టుకున్నాడు. వద్దన్నా వచ్చాడు. ఎవరికీ కనబడకుండా వచ్చాడు. ఇప్పుడు కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ, అతను చూస్తున్నది ఆ మైదానాన్ని కాదు.

మిగిలిన పేర్లు ఎలా చదివారో, ఎవరు విన్నారో! అమ్మ తాడు లాగింది, తెర జారింది. రాతి వంక కూడా చూడకుండా ఆవిడ మెట్లు దిగేసింది. అప్పటికే మేస్త్రి బురద బట్టలతో ఇంటిదారి పట్టాడు. ముందు అతను, వెనక అమ్మ, ఆ వెనక చిట్టీ, కూతురూ.

ఇంటికి చేరేసరికి అతను చేతులు కడుక్కుని, ఏం చేయాలో తోచనట్టు, రొట్టె కోసి పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు ముక్కలు. అమ్మ మెట్టు ఎక్కింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాటింది!

కూతురు గబగబా కుర్చీ వేసింది. అమ్మ కూర్చుని, ఎదురుగా ఉన్న ముక్కలు చూసి, తనకే అనుకుని నాలుగోదాని మీద చెయ్యి వేసింది.

"అమ్మమ్మా, అది కాదు! అది నాన్నది. నాన్నకి రోజూ రెండు," అంది పిల్ల.

"రెండా?" అమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "చిట్టీ, మీ ఆయన్ని అడుగు. నా కొడుకు పేరు పిలిస్తే తానెందుకు పలికాడో అడుగు. అంతమందిలో నన్ను నవ్వులపాలు చేశాడెందుకో అడుగు!"

చిట్టి అడగక్కర్లేకపోయింది.

"అత్తయ్యా," అన్నాడు మేస్త్రి. "ఆ రోజు మీరన్న మాట నిజమే. వాడి నోటికాడి కూడు తినే బతికొచ్చాను."

అతను బల్లనే చూస్తూ చెప్పుకుపోయాడు.

"జ్వరం వచ్చినవాళ్ళని ఒక షెడ్డులో పడేసేవారు. పొద్దున్నే కాపలావాడు తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచేవాడు. పలికితే రొట్టె ముక్క. పలకలేనివాడి బదులు పక్కవాడు పలకొచ్చు. వాడు... తెల్లారకుండానే పోయాడు. నా పక్కనే. చెబితే తీసుకుపోతారు. ముక్క ఆగిపోతుంది. మేం ముగ్గురం మిగిలాం, మూడు శవాల్లా ఉన్నాం. వాడి పేరు పిలిచారు. నేను హాజర్ అన్నాను. మర్నాడు కూడా అన్నాను... ఆ ముక్క ముగ్గురం తిన్నాం. మిగతా ఇద్దరూ తర్వాత పోయారు. నేను పోలేదు."

చిట్టి గోడకి ఆనుకుని నిలబడింది. ఎన్నేళ్ళు కాపురం చేసింది ఈ మనిషితో! ఒక్కరోజు అడగలేదే!

అమ్మ రొట్టె మీంచి చెయ్యి తీసింది. "వాడి మొహం కప్పారా?"

"లేదత్తయ్యా. కప్పితే తెలిసిపోయేది. నా దుప్పటి గడ్డం దాకా కప్పాను."

"ఒక్కణ్ణే పక్కన పడేశారా?"

"అయ్యో, లేదు! మా మధ్యనే పడుకోబెట్టుకున్నాం. బతికున్నాడనుకోవాలి కదా... వాడితో మాట్లాడుతూనే ఉన్నాం."

"ఏం మాట్లాడారు?"

"ఏవో... ఈ వీధి కబుర్లు. చిట్టి సంగతులు. మీరు వాడిని తిట్టే తిట్లు."

"నా తిట్లా..." అంది అమ్మ. కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ తీసింది.

"ఈ ముక్క వాడిదేనా?"

"వాడి పేరున తెచ్చుకున్నదే కదత్తయ్యా. కోయకుండా ఉండలేను. పారేయలేను. ఇంకొకరికి పెట్టలేను. నేనే తినాలి..."

అమ్మ ఆ ముక్క తీసుకుంది. జాగ్రత్తగా, సరిగ్గా మధ్యకి విరిచింది. ఒక సగం అతని ముందు పెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గోడని వదిలేసి, అతని మొహంలోకి చూసింది.

"ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే తిన్నావు నాయనా. చాల్లే. ఇకమీదట ఇందులో సగం నాకు పెట్టు."

మేస్త్రి తలెత్తలేకపోయాడు. అమ్మ నమలడం మొదలుపెట్టింది. పళ్ళు లేవు కనక నెమ్మదిగా నమిలింది. అతనూ నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడక ఆగాడు. ఆవిడ అతనికేసి మంచినీళ్ళ గ్లాసు జరిపింది.

చిట్టి అది చూస్తూనే ఉంది. ఉన్నట్టుండి మణికట్టు భగ్గుమంది. నిప్పు పెట్టినట్టు, భుజం దాకా ప్రాకిపోయింది మంట! చెయ్యి పట్టుకుని చంటిపిల్లలా కూలబడింది. "అమ్మా! మండుతోందే అమ్మా..."

అమ్మ పరుగున వచ్చి, ఆ చెయ్యి ఒడిలోకి లాక్కుని చూసింది. "అయ్యో నా తల్లీ! ఎప్పుడు కాలిందే?"

"మొన్న..."

"మొన్న కాలితే ఇప్పుడు ఏడుస్తావేమిటే, పిచ్చిదానా!" అంటూ అమ్మ ఊదసాగింది. చిట్టి ఏడుస్తూనే ఉంది.