అమ్మ చేతికి సరిపడని తుపాకీ

శనివారం పొద్దున్న రొవీనా పెనం మీద బేకన్ వేయిస్తుంటే, తండ్రి ఆర్లిస్ టోపీ అయినా తీయకుండా వచ్చి బల్ల మీద చిన్న పెట్టె పెట్టాడు. విడాకుల తర్వాత ఆమె ఓక్లహోమాలో ఊరి చివర కంకరరోడ్డు పక్కన ఒంటరిగా ఉంటోంది. కిందటి నెల ఎవడో వెనక తలుపు గడియ విరగ్గొట్టాడు. పోలీసులకి ఫోన్ చేస్తే షెరీఫ్ కారు రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

"మీ అమ్మది. ఇక నీది," అన్నాడు. పెట్టెలో అరచేతిలో ఇమిడే బుల్లి రివాల్వర్. అమ్మ పోయాక అది ఆయన దగ్గరే ఉండిపోయింది.

"వద్దు నాన్నా. తుపాకుల కొట్టుకెళ్లి నాలుగు కాల్చి చూసి నేనే ఎంచుకుంటా."

"చెప్పుల జతా, నాలుగు తొడిగి చూడ్డానికి?"

"చెప్పు కరిస్తే బొబ్బెక్కుతుంది. ఇది మొరాయిస్తే ప్రాణం పోతుంది."

పుట్టింట్లో కాల్చే పని ఎప్పుడో పంచేసుకున్నారు. రొట్టెలు కాల్చేది అమ్మ ఓపల్, తుపాకులు కాల్చేది నాన్నా అన్నలూ. వేటకి తెల్లవారకుండానే వాళ్లు ట్రక్కెక్కుతుంటే రొవీనా ఫ్లాస్కు నిండా కాఫీ అందించేది. ఎర్రదీపాలు మలుపు తిరిగేదాకా మెట్ల మీద నిలబడేది. ఆ కాఫీ వాసన తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. మెట్టు దిగి రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు.

కొట్టు వెనక కాల్చి చూసే చోటు ఉంది. ఆర్లిస్ కూడా వెంటపడి వచ్చాడు. మూడో తుపాకీ, కాస్త బరువైనది, రొవీనా చేతిలో కుదిరింది. గుళ్లన్నీ కాగితం బొమ్మ గుండెల దగ్గరే దిగాయి.

"అంత మొద్దుది ఆడదానికెందుకే? తేలికదే నయం," అన్నాడు ఆర్లిస్. పిడి పట్టింది కూతురు, పిడివాదం పట్టింది తండ్రి.

"తేలికది కాబట్టే పేలగానే చేతిని తంతుంది, నాన్నా. బరువైనది ఆ తన్ను తనే మింగుతుంది."

"మీ అమ్మ ముప్ఫై ఏళ్లు దాంతోనే నెగ్గుకొచ్చింది. ఒక్కనాడు నోరెత్తిందా?"

రొవీనా తుపాకీ కింద పెట్టింది.

"ఒక్కసారే కాల్చింది. మణికట్టు వాచిపోయింది. నువ్వు లారీ వేసుకుని నెలల తరబడి పోయేవాడివి. రాత్రిళ్లు బీరువాని తలుపుకి అడ్డంగా జరిపి, మమ్మల్ని ముగ్గుర్నీ ఒకే మంచం మీద పడుకోబెట్టేది. తను కుర్చీలో కూర్చునేది."

"ఫోన్లో అడిగితే... భయం లేదు, తుపాకీ ఉందిగా అనేది."

"అలా అనకపోతే నీకు నిద్ర పట్టదని. స్టీరింగ్ ముందు కునుకు తీస్తావని."

ఆర్లిస్ బెంచీ మీద కూలబడ్డాడు. భార్యకి తను కానుకగా ఇచ్చిన తుపాకీని నమ్ముకుని నిద్రపోయాడు. దాన్ని నమ్మలేక ఆమె మేలుకుంది. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి.

కొట్టాయన వచ్చి, "పెద్దాయనా, ఏది కట్టమంటారు?" అన్నాడు.

"నన్నడక్కు. ఆమె చెయ్యి, ఆమె ప్రాణం. ఆమెనే అడుగు."

తలెత్తకుండానే అన్నాడు: "రొవీ, నా నిద్ర కోసం మీ అమ్మ ఇంకా ఏమేం దాచిందే?"

రొవీనా మెడలోకి జార్చుకున్న, కాల్పుల మోత ఆపే చెవి డిప్పలు తీసి, ఆయన పక్కన కూర్చుని, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.