స్ట్రాడర్ వాళ్ల వరండా

వంతెన దాటాక మలుపులో ఉండే స్ట్రాడర్ వాళ్ల ఇంటికి హాలోవీన్ నాడు ఎవరూ పిల్లల్ని పంపరు. అందులో ముసలామె పోయిన నాలుగు రోజులకు గానీ బయటపడలేదు – అదీ కంపు కొట్టాక.

అప్పట్నుంచి ఏటా అదే వరస. ఎంత వద్దన్నా, వేషం కట్టుకుని ఇంటింటికీ చాక్లెట్లకు తిరిగే పిల్లల్లో ఎవరో ఒకరు అటు వెళ్లి, గావుకేక పెడుతూ ఆ మెట్లు దిగి, తిన్నగా రోడ్డు మీదికి పరిగెత్తుతారు. నిరుడు ఒక పిల్లాడికి కాలు విరిగింది. ముసలిదే బళ్ల కిందికి తోస్తోందని ఊరంతా గుసగుస.

ఇది మా స్కూలు బస్సు నడిపే ఆర్డిత్ చెప్పింది. ఈ ఏడు హాలోవీన్ సాయంత్రం మనవరాలు డెలియాకి తేనెటీగ వేషం వేసి, చెయ్యి పట్టుకుని తిప్పుతోందట.

"నా చెయ్యి వదలకు. లైటు వెలిగే ఇంటికే వెళ్లాలి. నేను చూడందే ఏదీ నోట్లో పెట్టుకోకు."

"నూటొక్కసారి చెప్పావు అమ్మమ్మా!"

మలుపు దగ్గరికొచ్చేసరికి... స్ట్రాడర్ వాళ్ల వరండాలో లైటు వెలుగుతోంది.

పాడుబడ్డ ఇంట్లో లైటెవరు వేశారు? – ఆర్డిత్ అనుకునేలోపే చెయ్యి విదిలించుకుంది పిల్ల.

"లైటుందిగా!"

మెట్ల మీద, చాక్లెట్లకి పెట్టినట్టు ఒక బేసిన్. గుప్పున కుళ్లు కంపు. డెలియా చెయ్యి పెట్టింది... మెత్తగా, తడిగా, జారిపోతూ ఏదో వేళ్లకు చుట్టుకుంది. కోడి పేగులు! అంతలో మెట్ల సందులోంచి బూడిదరంగు చెయ్యి ఒకటి వచ్చి – పిల్ల మణికట్టు పట్టుకుంది.

కెవ్వున అరిచి విదిలించుకుని, డెలియా రోడ్డు మీదికి దూకింది. ఎదురుగా లారీ. ఆర్డిత్ చేతికి తేనెటీగ రెక్క ఒక్కటే దొరికింది. గుంజింది. లారీ కీచుమంటూ జానెడు దూరంలో ఆగింది.

వెనక నవ్వు...

మెట్ల కింద నుంచి ముసలమ్మ ముసుగులో ఒకడు పాకుతూ వచ్చాడు. ముసుగు తీశాడు. వాల్ట్ గ్రీబ్. ఊళ్లోవాడే, యాభై ఏళ్ల మనిషి. చేతిలో ఫోను – వీడియో తీస్తున్నాడు.

"అబ్బ, ఏం అరిచిందే బుల్లిది!"

"లారీ కనబడలేదురా నీకు?"

"ఆగింది కదా ఆర్డిత్. సరదాకి చేశాను."

"మరి నిరుడు?"

"వాడు చూసుకోలేదు. నేనేం చెయ్యను?"

ఆ జిడ్డు చేత్తోనే జేబులోంచి చాక్లెట్ తీసి పిల్లకు చాపాడు. వేళ్ల సందున పేగు ముక్క ఇంకా వేలాడుతోంది. డెలియా అక్కడే కక్కేసుకుంది.

ఆర్డిత్ వాడి ఫోను లాక్కుని, దారిలోనే పోలీసులకు ఇచ్చేసింది. అందులో మూడేళ్లుగా తను భయపెట్టిన పిల్లల ఏడుపులన్నీ దాచుకున్నాడట వెధవ.

ఇంటికెళ్లి మూడుసార్లు సబ్బుతో చెయ్యి కడిగించాక, డెలియా మెల్లగా నోరు విప్పింది.

"అమ్మమ్మా... నిన్న మా బడికొచ్చాడు ఆ ముసుగాయన. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడాలని... మా చేత పాట పాడించాడు."