రెండు నలభై

"పొద్దున ఎనిమిదింపావుకి మెసేజ్ పంపింది మీరేనా?"

అతను తలెత్తి చూశాడు. మెడలో హెడ్‌ఫోన్స్, చేతిలో చీటీ, కళ్ళలో నిప్పులు. కింది అంతస్తులో కస్టమర్ల ఫోన్లు ఎత్తే అమ్మాయి. పదకొండు దుకాణాలున్న ఆడవాళ్ళ చెప్పుల కంపెనీ అది. నలభై వేలమంది ఆడవాళ్ళకి మెసేజ్‌లు పంపడం అతని ఉద్యోగం. ఆఫీసులో అతన్ని 'టైమ్‌టేబుల్' అంటారు. ఆమెని 'హలో మేడమ్' అంటారు.

"నేనే. ఏమైందండీ?"

"స్కూలు నుంచేమోనని ఒకావిడ స్టవ్ వదిలేసి ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. చూస్తే ఏముంది? 'మీ పాదాలకు మా ప్రేమ.' ఈలోపు పాలు పొంగిపోయాయి. పదకొండు నిమిషాలు తిట్టింది."

"పాలు పొంగితే నేనేం చేస్తాను?"

"మీ నెత్తిన పొంగాల్సినవి. తిట్లు మాత్రం నేను తిన్నాను."

"అది కాదండీ, పొద్దున్నే అయితే ఫ్రెష్‌గా ఉంటారని..."

"ఎవరు, మీరా?"

అతను కంప్యూటర్ వైపు తిరగబోయాడు.

"మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

"మా వదిన ఉంది."

"అయితే రేపు ఎనిమిదింపావుకి ఒకసారి వంటింట్లోకి తొంగి చూడండి. ఊరికే చూసి రాకండి, ఏదైనా అందుకోండి."

చీటీ బల్ల మీద పెట్టి దిగి వెళ్ళిపోయింది. కస్టమర్ తిట్టిన తిట్లన్నీ అందులో వరసగా రాసి ఉన్నాయి. వాటిలో రెండు అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

అతనికి ముప్ఫై నాలుగేళ్ళు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి రోజంతా తియ్యగా రాసి రాసి, ఇంటికి వెళ్ళేసరికి అయినవాళ్ళతో మాట్లాడే ఓపిక మిగిలేది కాదు. అయినా ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, నీకు ఏ టైమ్‌లో ఖాళీ?"

వదిన ఎగాదిగా చూసింది. "జ్వరంగానీ వచ్చిందా ఏమిటయ్యా? ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట మీ అన్న కూడా అడగలేదు."

"ఆఫీసు పని, చెప్పు."

"అదీ సంగతి! నేనింకా నా మీద జాలేమో అనుకున్నాను." చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, నడుం వాల్చేసరికి రెండు నలభై. మూడింటికి పిల్లలొస్తారు. ఆ ఇరవై నిమిషాలే నావి. అవి కూడా మీ చెప్పులవాళ్ళకే కావాలా?"

ఆ మాటల్లో సగమే అతని చెవికెక్కింది. రెండు నలభై అని రాసుకున్నాడు.

మెసేజ్‌లు ఆ టైమ్‌కి మార్చిన రెండో వారానికే దుకాణాల్లో జనం పెరిగారు. యజమాని భుజం తట్టాడు. అతను రెండు కప్పుల టీ పట్టుకుని కిందికి వెళ్ళాడు.

"మీ పుణ్యమే," అన్నాడు.

"పుణ్యం నాది, శభాష్‌లు మీకు," అంది ఆమె, టీ అందుకుంటూ. "పంచదార ఎక్కువైంది. మీ మెసేజ్‌లలాగే."

ఆ తర్వాత ప్రతి మెసేజూ పొద్దున పదింటికే ముందుగా ఆమె ఫోన్‌కి వెళ్ళేది. బాగుంటే 'సరే' అనేది. లేకపోతే చీల్చి చెండాడేది. 'సుకుమారి పాదాలు' అని రాస్తే, 'ఎనిమిది గంటలు నిలబడి పని చేసేదాని పాదాలు ఎప్పుడైనా చూశారా?' అని జవాబిచ్చింది. ఒకరోజు ఒంటిగంటకి ఫోన్ చేసింది.

"ఇవాళ ఆపెయ్యండి. మబ్బు పట్టింది."

"వానకీ చెప్పులకీ ఏమిటండీ సంబంధం?"

"రెండున్నరకి వాన పడితే ఆడవాళ్ళంతా మేడ మీద బట్టల కోసం పరిగెడతారు. మీ కవిత్వం ఎవరు చదువుతారు?"

రెండున్నరకి వాన దబదబా కురిసింది. అతను కిటికీలోంచి చూశాడు. ఎదురింటి మేడ మీద ఒకామె తడిసి ముద్దై దుప్పట్లు లాగుతోంది. ఆ వానలో అతనికి ఒక్కటే తోచింది. ఈ అమ్మాయి తోడుంటే తన బతుకు కాస్త తెలివిలో పడుతుంది.

తోచింది చెప్పడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆమె తండ్రి మంచం పట్టి ఉన్నాడని, ఇంకో ఊళ్ళో ఉన్న అక్క వాళ్ళిద్దర్నీ తన దగ్గరికి వచ్చెయ్యమంటోందని, నెలాఖరుకల్లా ఆమె ఏదో ఒకటి తేల్చుకోవాలని తెలిశాక గానీ అతనిలో చలనం రాలేదు. కూర్చుని రాశాడు. పదకొండుసార్లు కొట్టేశాడు. చివరికి రెండు ముక్కలు మిగిలాయి. 'మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామా?'

రెండు నలభైకి పంపాడు.

జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. పొద్దున పంపిన మెసేజ్‌లకి మాత్రం 'సరే' అని వస్తూనే ఉంది. మూడో రోజుకి అతని మొహం చూసి వదిన కంచం ముందు కూర్చోబెట్టి కూపీ లాగింది.

"ఏ టైమ్‌లో పంపావు?"

"రెండు నలభైకి."

"అది నా టైమయ్యా. ఆ పిల్ల అప్పుడేం చేస్తుంటుంది?"

అతనికి తెలియదు. ఏడు నెలల్లో ఆ వేళకి ఒక్కరోజూ కిందికి దిగలేదు. ఆ వేళకి పైన కంప్యూటర్లో అమ్మకాల గ్రాఫ్ లేవడం చూస్తూ కూర్చునేవాడు.

మర్నాడు దిగాడు. మెసేజ్ వెళ్ళి అయిదు నిమిషాలైంది. రెండు ఫోన్లు మోగుతున్నాయి. "ఆరో నంబరు ఉందండీ... పాతవి మార్చుకోవచ్చండీ... లైన్లో ఉండండి." పక్కన టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది. అన్నం మీద పొర ఎండిపోయింది. ఒక మూల మాత్రం రెండు ముద్దల మేర తరిగి ఉంది.

"రోజూ ఇంతేనా?" అన్నాడు.

"ఏడు నెలలుగా. ఇదివరకు రెండున్నరకి తినేదాన్ని. ఇప్పుడు నాలుగున్నర."

"చెప్పచ్చుగా!"

"ఎవరి పాలూ పొంగడం లేదు కదా, పోనీలే అనుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "మీ మెసేజ్ కూడా ఈ మోతలోనే చూశాను. ఒళ్ళు మండింది. నలభై వేలమంది తీరిక కనుక్కున్న మనిషి, నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు."

అతను ఆమె మెడలోంచి హెడ్‌ఫోన్స్ తీసి తను పెట్టుకున్నాడు.

"మీరు తినండి."

"వాళ్ళు తిడతారు. మీకు అలవాటు లేదు."

"చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. కంఠతా వచ్చు."

మొదటి కస్టమరే అడిగింది. "అమ్మాయి లేదా బాబూ?"

"అన్నం తింటోందండీ."

"ఇప్పుడా? మూడు కావస్తోంది! పిల్లని ఇంతసేపు పస్తు పెడతారా? మనుషులేనా మీరు?"

"కాదండీ," అన్నాడు అతను.

డబ్బా దగ్గర ఆమెకి పొలమారింది. నవ్వో దగ్గో తెలియలేదు. ఆవిడ ఫోన్ పెట్టేశాక అతను అడిగాడు.

"మీకు ఏ టైమ్‌లో తీరిక?"

ఆమె చేతిలో ముద్ద ఆగింది.

"ఆరున్నరకి. బస్టాప్‌లో. ఇంటికెళితే నాన్నకి వంట, మందులు. బస్సొచ్చేదాకా ఓ ఇరవై నిమిషాలు."

వదిన మాటల్లో రెండో సగం అప్పుడు చెవికెక్కింది.

"ఆ ఇరవై నిమిషాలు మీవి. నేను వస్తాను గానీ, మాట్లాడను."

ఆరున్నరకి ఇద్దరూ బస్టాప్ బల్ల మీద కూర్చున్నారు. ఆమె చెప్పులు విప్పి కాళ్ళు చాపింది. మడమల దగ్గర వాచి ఉన్నాయి. అతను చూశాడు. సన్నగా తుంపర మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుంది.

బస్సొచ్చింది. ఆమె లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

రెండో బస్సు దీపాలు మలుపులో కనబడ్డాయి. ఆమె కళ్ళు తెరిచి చెప్పులు వేసుకుంది.

"అక్కకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తాను."

అతను తలాడించాడు.

"ఇప్పుడు మాట్లాడచ్చు."

"ఏం మాట్లాడాలో తెలియడం లేదు."

"అయితే ఆదివారం వచ్చి నాన్నతో మాట్లాడండి." బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "ఎనిమిదింపావుకి మాత్రం రాకండి!"