వచ్చాక చెబుదువుగాని

పొద్దున్న ఏడున్నరకల్లా వసుంధర ఇంట్లో ఉప్మాతో పాటు గొడవ కూడా తయారైంది. నాలుగు నెలలుగా ఇదే వరస. ఒక్కోరోజు ఉప్మా బదులు ఇడ్లీ ఉండేది గానీ గొడవ మాత్రం మారేది కాదు.

"టీచరుద్యోగం ఇస్తామన్న మస్కట్ స్కూలువాళ్ళకి రేపటిలోగా జవాబివ్వాలి. లాస్యకి కూడా సీటిస్తామన్నారు. దాన్ని తీసుకుని శుక్రవారం వెళ్ళిపోతానని రాసేస్తున్నాను" అంది వసుంధర.

రామమోహన్ బూటు లేసు కట్టుకుంటూ తలెత్తలేదు. "ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను కదా."

"అక్కడ ఉద్యోగం మానేసేటప్పుడు నాతో కూర్చుని మాట్లాడారా? 'మన దేశం వెళ్దాం' అని ఒక్క ముక్క అన్నారు, అంతే. పన్నెండేళ్ళు టీచర్ అని పిలిపించుకున్నదాన్ని. ఇక్కడ కూరలమ్మి హిందీలో ఏమంటోందో తెలియక కూతుర్ని తోడు తీసుకెళ్తున్నాను. పాపం అది కూడా ఇక్కడ ఇమడలేకపోతోంది."

"బస్సు వెళ్ళిపోతుంది వసూ." రామమోహన్ ఉప్మా ముట్టుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

అతను సీపత్ పవర్ ప్లాంటులో ఒక కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు. పాస్‌పోర్టు ప్రకారం వాళ్ళు సొంత దేశానికే వచ్చారు. కానీ మస్కట్‌లో పుట్టిన పదమూడేళ్ళ లాస్యకీ, పెళ్ళయిన నెలకే అక్కడికి వెళ్ళిన వసుంధరకీ బిలాస్‌పూర్ పరాయి దేశమే. అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొచ్చేవి. ఇక్కడ కింద వరండాలో మోటారు వేస్తేనే వస్తాయి. అక్కడ మూసిన తలుపు ఎవరూ తట్టరు. ఇక్కడ కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఉషారాణి తట్టకుండానే లోపలికొచ్చి, కూర గిన్నె పెట్టి, పొయ్యి మీద ఏముందో కూడా చూసి పోతుంది.

లాస్య స్కూలుకి వెళ్ళాక వసుంధర తలంటుకోబోయింది. తల నిండా షాంపూ ఉండగా నీళ్ళు ఆగిపోయాయి. ఇంకేముంది, తలకి తువ్వాలు చుట్టుకుని కోపంగా కిందికి దిగింది.

ఉషారాణి భర్త తిరుమలరావు భుజాన బ్యాగుతో స్కూటరు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనది రైల్వే ఉద్యోగమని వసుంధరకి తెలుసు. ఏం ఉద్యోగమో నాలుగు నెలల్లో ఎప్పుడూ అడగలేదు.

"నీళ్ళు లేవు! మీరు నిద్రపోతారని నా కూతురు ఇంట్లో తాడాట ఆడకూడదు, నేను మిక్సీ వెయ్యకూడదు. అన్నీ మేమే సర్దుకోవాలి! పట్టపగలు గురకపెట్టి నిద్రపోయే మగాణ్ణి ఇక్కడే చూశాను!"

తిరుమలరావు మొహం వాడిపోయింది. "మోటారు వేస్తానమ్మా" అని స్విచ్ వేశాడు. స్కూటరు తాళం రెండుసార్లు చేయిజారింది. లోపల్నుంచి కేరేజీ తెచ్చిన ఉషారాణి అంతా వింది. ఆయనకి నవ్వుతూ కేరేజీ అందించి, "వెళ్ళి రండి" అంది. స్కూటరు మలుపు తిరిగాక మెట్టు మీద కూలబడింది. వసుంధర వైపు చూడలేదు.

గంట తిరక్కుండానే స్కూటరు వెనక్కొచ్చింది. కాసేపటికి పై వాటా తలుపు తట్టిన చప్పుడైంది. ఉషారాణి ఆ తలుపు తట్టడం అదే మొదటిసారి.

"ఏమైందండీ? ఆయన తిరిగొచ్చేశారేం?" అంది వసుంధర కంగారుగా.

"మనసు కుదురుగా లేదు, ఈవేళ బండి తియ్యలేనని స్టేషన్లో డ్యూటీ రాసే లాబీలో చెప్పీసి వచ్చీసినారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఎప్పుడూ ఇలగ చెయ్యలేదు."

"నేనన్న మాటకా?"

"ఆయన గూడ్సు బండి నడుపుతారమ్మా. పొద్దున్న బయల్దేరినా రాత్రంతా కన్ను మూయకుండా నడపాలి, అందుకే ఇంటికొచ్చాక పగలు పడుకుంటారు. కన్ను సిగ్నల్ మీదుండి, మనసు ఎవరో అన్న మాట మీదుంటే ఏటైపోతాది? అందుకే డ్యూటీకెళ్ళే ముందు మా ఇంట్లో ఎవరూ నోరెత్తరు."

"అంటే మీరసలు దెబ్బలాడుకోరా?"

"అచ్ఛా! ఎందుకాడుకోమూ? ఆయన వచ్చి, పడుకుని లేచి, టీ తాగాక మొదలెడతాను. నాలుగు రోజులవీ కలిపి దులిపీస్తాను." ఉషారాణి నవ్వబోయి ఆగింది. "మా అమ్మ పోనాదని ఫోనొచ్చినప్పుడు ఆయన బూట్లేసుకుంటన్నారు. అవతల తమ్ముడు ఏడుస్తన్నాడు. మళ్ళీ చేస్తానని పెట్టీసి, కేరేజీ కట్టి, నవ్వుతా పంపినాను. ఆయన వెళ్ళాక తలుపేసుకుని ఏడిచినాను. ఆ సాయంత్రం బండెక్కి ఊరికి ఒక్కదాన్నే వెళ్ళినాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని దిగిపోయింది. బల్ల మీద ఉప్మా చల్లారిపోయి ఉంది. ఈ నెలంతా బాయిలర్ పనుల కోసం పరంజా ఎక్కుతున్నానని రామమోహన్ ఎప్పుడో చెప్పాడు. అప్పుడామె సరిగా వినలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసినా అంతే. నాలుగు నెలలుగా రోజూ మొగుడి నెత్తిన ఎంత బరువు పెట్టి పంపుతోందో అప్పుడు తెలిసొచ్చింది. మస్కట్‌కి రాయాల్సిన జవాబు రాయలేదు.

సాయంత్రం అతను గుమ్మంలో కనపడగానే ప్రాణం లేచొచ్చింది. స్నానం అయ్యేదాకా ఆగి టీ అందించింది.

"ఏమైంది, ఇంత నిశ్శబ్దంగా ఉన్నావు?" అన్నాడు అనుమానంగా.

"ముందు టీ తాగండి. తర్వాత దెబ్బలాడుకుందాం."

అతను తాగడం పూర్తయ్యాక అడిగింది. "మనం మస్కట్ ఎందుకు వదిలేశాం? ఈసారి మధ్యలో అడ్డు రాను."

రామమోహన్ ఖాళీ కప్పు కింద పెట్టాడు. "నేను మానలేదు వసూ. వాళ్ళే తీసేశారు" అన్నాడు చివరికి. "మా ఆయన లేకపోతే ఆ కంపెనీకి రోజు గడవదని స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకునేదానివి. నిన్ను తల దించుకునేలా చెయ్యలేక, దేశం మీద మమకారమని అబద్ధం చెప్పాను."

వసుంధరకి కోపం, దుఃఖం ఒక్కసారే వచ్చాయి. "ఇంత బాధ నాతో పంచుకోలేనంత పరాయిదాన్నా?" అని అతని భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది.

"నిన్ను ఆపను. అక్కడి ఉద్యోగం నువ్వు కష్టపడి తెచ్చుకున్నది. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు" అన్నాడు.

గదిలోంచి లాస్య వచ్చింది. "వెళ్తే వెళ్ళమ్మా. కానీ నా పేరు చెప్పి వెళ్ళకు. నాకిక్కడ ఇద్దరు ఫ్రెండ్స్ ఉన్నారు. ఉండలేకపోతోంది నేను కాదు."

కూతురి మాట చెంపదెబ్బలా తగిలింది. నిజం కాబట్టే తగిలిందని వసుంధరకి తెలుసు.

మర్నాడు పొద్దున్న తిరుమలరావుకి మళ్ళీ డ్యూటీ పడింది. కింద స్కూటరు తుడుస్తున్న చప్పుడు వినగానే వసుంధర గబగబా మెట్లు దిగింది. ఆఖరి మెట్టు దగ్గర ఉషారాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడికమ్మా?"

"ఆయనకి క్షమాపణ చెప్పాలండీ. రాత్రంతా నిద్ర లేదు."

"ఇప్పుడొద్దు. నువ్వేడుస్తావు, అది చూసి ఆయన మనసు మళ్ళీ చెదురుతాది. సారీ కూడా బరువేనమ్మా. వచ్చాక చెబుదువుగాని."

"ఎప్పుడొస్తారు?"

"ఎల్లుండికి." ఉషారాణి ఆమె మొహంలోకి చూసింది. "మీ గొడవ కిందికి వినబడినాది, రేపే శుక్రవారం కదా. ఎల్లుండికి నువ్వుంటావేటి?"

వసుంధర తలెత్తి చూసింది. పైన గుమ్మంలో టిఫిన్ పళ్ళెంతో రామమోహన్, అతని వెనక లాస్య నిలబడ్డారు. తిరుమలరావు బ్యాగు తగిలించుకుని బయటికొచ్చాడు. వసుంధర చెంగుతో మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చుకుంది.

"వెళ్ళి రండి అన్నయ్యా" అంది.

ఆయన ఒక్క క్షణం ఆగి, తల ఊపి, స్కూటరు స్టార్ట్ చేశాడు. ఈసారి తాళం జారలేదు. స్కూటరు మలుపు తిరిగేదాకా ఇద్దరాడవాళ్ళూ నవ్వు మొహాలతోనే నిలబడ్డారు. తిరిగాక వసుంధర కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి.

"ఉంటాను వదినా" అంది.