కొసరమ్మకి రాని మాట

"నన్ను కాదని... కోడలి పేరు చెప్తారా! ఇన్నేళ్ళు మీ పక్కన నిలబడి, మీ దగ్గుకీ తుమ్ముకీ లేచినదాన్ని నేను! నిన్నగాక మొన్న ఈ ఇంట్లో అడుగుపెట్టిన పిల్లా మీ ప్రాణానికి పెద్దదిక్కు?"

కొసరమ్మ చేతిలోని టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక మందుల బల్ల మీద పెట్టింది, మళ్ళీ తీసింది. మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చున్న భర్త, ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం సర్దుకుని కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. ఆయన అలా తల తిప్పుకున్నాడంటే ఇక ఆ రోజుకి మాట పెగలదని ఆవిడకి తెలుసు. తెలిసినా ఊరుకోవడం ఆవిడ వల్ల ఎక్కడవుతుంది!

అసలు జరిగిందేమిటంటే, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర పనిచేసే నర్సు పొద్దున్నే ఆక్సిజన్ మిషన్ చూడడానికి వచ్చింది. చూసి, ఊరికే వెళ్ళిపోకుండా మంచం పక్కన కూర్చుంది. "ఈ మధ్యనే ఆస్పత్రికి వెళ్ళొచ్చారు కదా బాబాయ్‌గారూ. మళ్ళీ అలాంటి కష్టం వచ్చి, మీరు మాట్లాడలేకపోతే, మీ తరఫున డాక్టరుగారితో ఎవరు మాట్లాడాలి?" అని అడిగింది. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "మా కోడలు" అన్నాడు. టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ కొసరమ్మ చెవిన ఆ మాట పడింది.

కింద బేకరీ, పైన ఇల్లు. ఏళ్ళ తరబడి పిండి దుమ్ములో, పొయ్యి సెగలో నిలబడి ఆయన ఊపిరి పాడుచేసుకున్నాడు. కౌంటరు మాత్రం ఆవిడదే. ఎవరేం కొన్నా సంచిలో ఒక బన్ను ఎక్కువ పడాల్సిందే! అందుకే వీధివాళ్ళు ఆవిడకి కొసరమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లోనూ అంతే, "ఇంకొక్క ముద్ద... ఇదొక్కటీ" అంటూ కొసరి కొసరి తినిపిస్తుంది. తినేవాడు చెయ్యి అడ్డం పెట్టినా ఆ చేతి మీదే వడ్డించే రకం. ఇక కోడలంటారా, అంతా దీనికి తలకిందులు. మొహమాటం లేదు, మాట కత్తిపీట. పుట్టిల్లు వదిలి వచ్చిన రోజున కూడా కంట తడి పెట్టని పిల్ల!

ఆ రోజు నుంచి ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. కొసరమ్మ వంట చేసేది, పెట్టేది, ఒక్క మాట ఆడేది కాదు. వ్యానులో సరుకు వేసుకుని దుకాణాలకి తిరిగే కొడుకు, అమ్మకి చెప్పలేక, పెళ్ళానికి చెప్పలేక, ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, నేను అడగలేదు..." అంది కోడలు ఓసారి.

"నువ్వడక్కపోతే నీ పేరు ఆయన నోట్లోంచి దానంతటదే ఊడిపడిందా?"

కోడలు పెదవి కొరుక్కుని కిందికి వెళ్ళిపోయింది.

మరుసటి వారం నర్సు మెట్లెక్కుతుంటే కొసరమ్మ ఎదురెళ్ళి వంటింట్లోకి లాక్కుపోయింది. "నీకో దండం సిస్టరమ్మా! శుభం పలకరా అంటే ఈ మాటలేంటి? మనిషి కళ్ళెదుట తిరుగుతుండగానే, రేప్పొద్దున పడిపోతే ఎవరు, ఏమిటి అని అడగొచ్చా? సంసారంలో చిచ్చు పెట్టి వెళ్ళావు కదే తల్లీ!"

నర్సుకి కోపం రాలేదు. పీట లాక్కుని కూర్చుంది. "బాబాయ్‌గారికి బొత్తిగా పడనిదేంటి పిన్నిగారూ?" అంది.

ఆ మాత్రం సందు దొరికితే చాలు కదా ఆవిడకి! "పడనివా? ఒకటా రెండా! కాలరు బొత్తాం పెట్టుకోరు, మెడకి ఏదీ తగలకూడదు. కిటికీ మూస్తే రభస. ఎవరైనా తినిపించబోతే చంటిపిల్లాడిలా మూతి తిప్పేస్తారు. చేతులు కట్టుకుని ఒక్క నిమిషం కూర్చోలేరు. అలాంటి మనిషికి మొన్న ఆస్పత్రిలో గొంతులో గొట్టం వేసి... పీకేసుకుంటారని రెండు చేతులూ మంచానికి..."

పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆవిడ చూడలేదు. నర్సే లేచి స్టవ్వు కట్టేసింది.

"ఆ కళ్ళు నన్నే చూశాయి సిస్టరమ్మా... 'తీయించవే' అన్నట్టు! నేను మాత్రం ఇంకొక్క రోజు డాక్టరుగారూ, ఇంకొక్క రోజు అని బతిమాలుతూనే ఉన్నాను..." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అప్పుడు మీరు అడగడం తప్పు కాదు పిన్నిగారూ. అప్పుడు కోలుకుంటారన్న ఆశ ఉంది, కోలుకున్నారు కూడా. ఈసారి గొట్టం వేస్తే మళ్ళీ తీయగలమో లేదోనని డాక్టరుగారు ఆయనకే చెప్పారు. ఆయన మనసులో ఏదో ఉంది. అది మీ ఎదుట చెప్పలేకపోతున్నారు. కోడలి పేరు ఎందుకు చెప్పారో ఆయన్నే అడగండి. ఇవాళ అన్నది రేపు మార్చుకోవచ్చు, అదేం శిలాశాసనం కాదు. కానీ అడక్కుండా ఉంటే మాత్రం, మీరిద్దరూ ఒకే గోడకి చెరో పక్కన కూర్చుని ఏడుస్తారు."

కొసరమ్మ మొహం కడుక్కుని భర్త దగ్గరికి వెళ్ళింది. మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి తీసుకుంది.

"ఎందుకండీ... నేనంటే నమ్మకం లేదా?"

ఆయన నవ్వబోయాడు, దగ్గొచ్చింది. దగ్గు ఆగాక మెల్లగా, ఊపిరికో ముక్క చొప్పున మాట్లాడాడు. "నీకు చాలు అనడం రాదే... పొయ్యి దగ్గరే చూడు. ఇంకొక్క నిమిషం, ఇంకాస్త రంగు రానీ అంటావు. ఎన్ని ట్రేలు మాడ్చావు!"

"ఇప్పుడా ట్రేల సంగతా!" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళతోనే నవ్వొచ్చింది.

"ఆ గొట్టం నాకొద్దు. కిటికీ తీసి, కింద కొట్టు చప్పుడు వింటూ ఉండాలి, అంతే. కానీ ఆ మాట నీ చేత చెప్పిస్తే... నేను పోయాక నువ్వుండాలిగా! మా ఆయన్ని నేనే చేతులారా పంపించేశానని కౌంటర్లో కూర్చుని కుమిలిపోతావు. నిన్నెరగనా! అందుకే ఆ పిల్ల పేరు చెప్పాను. దాని గుండె గట్టిది."

ఆవిడ ఆయన అరచేతిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నన్ను కాదన్నాడని ఇన్నాళ్ళూ రగిలిపోయింది... ఈయన నా కోసమే కాదన్నాడా! ఎంత పిచ్చిది తను!

ఆ ఆదివారం ముగ్గురూ ఆయన మంచం చుట్టూ కూర్చున్నారు, నర్సు కూడా వచ్చింది. ఏం కావాలో, ఏం వద్దో ఆయన అందరి ఎదుటా చెప్పాడు. ఆయాసం తగ్గించే మందులు ఇవ్వాలి. గొట్టం వద్దు. తన తరఫున మాట్లాడేది మాత్రం కోడలే. నర్సు రాసుకుని చదివి వినిపించింది, డాక్టరుగారికి కూడా చెప్పింది. కొడుకు మాత్రం మధ్యలో లేచి, వ్యాను తాళాలు వెతికే నెపంతో అవతలికి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చాడు.

చలికాలం ముదిరిన రోజుల్లో, ఒక సాయంత్రం ఆయనకి ఊపిరి అందలేదు. పెదవులు నీలం తిరిగాయి. పరుగు పరుగున ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు వరండాలోకి వచ్చి, "ఆయన ముందే చెప్పింది నాకు తెలుసు. అయినా మరోసారి అడగాలి. గొట్టం వెయ్యొద్దనే కదా?" అన్నాడు కోడలి వైపు చూసి.

కోడలు నోరు తెరిచింది. "మామయ్య... మామయ్య ఏమన్నారంటే..." అంది. అంతే! ఆ తర్వాత మాట రాలేదు. ఎన్నడూ కంట తడి పెట్టని ఆ పిల్ల, రెండు చేతులతో గోడ పట్టుకుని గొల్లుమంది!

కొసరమ్మ ఆయన చొక్కా ఉన్న సంచిని గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. ఇంకొక్క రోజు డాక్టరుగారూ... నాలుక చివరిదాకా వచ్చేసింది ఆ మాట! ఈ ఒక్కసారికీ... ఒక్కరోజే కదా... తెరిచిన తలుపులోంచి మంచం కనబడింది. ఆయన చేతులు దుప్పటి మీద విడివిడిగా, హాయిగా ఉన్నాయి. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"చాలు డాక్టరుగారూ... ఆయన మెడకి ఏదీ తగలకూడదు. ఆయాసం తగ్గే మందివ్వండి. మేం ఇంటికి తీసుకెళ్తాం."

"అత్తయ్యా! నేను చెప్పలేకపోయాను అత్తయ్యా! నన్ను నమ్మి..." కోడలు వచ్చి ఆవిడ భుజం మీద వాలిపోయింది.

"ఊరుకో తల్లీ... నీ గుండె మాత్రం రాయేంటి? ఆ బరువు నీ ఒక్కదాని మీదే పెట్టేశాం. సగం నాది." అంటూ కొసరమ్మ కోడలి మొహాన్ని తన కొంగుతో తుడిచింది.

మర్నాడు పొద్దున ఇంట్లో ఆయన గది కిటికీ తెరిచే ఉంది. కోడలు కింద పొయ్యి వెలిగించింది. మొదటి ట్రే తీసిన వాసన మెట్ల మీదుగా గదిలోకి వచ్చింది. ఆయన కళ్ళు తెరవకుండానే ముక్కుపుటాలు ఎగరేశాడు.

"మాడలేదే..." అన్నాడు.

"నేను పైనున్నాగా, ఎలా మాడుతుంది!" అంది ఆవిడ. ఆయన పెదవి కొద్దిగా విచ్చుకుంది. మధ్యాహ్నానికి ఆవిడ చేతిలో చెయ్యి పెట్టి, ఏ పెనుగులాటా లేకుండా వెళ్ళిపోయాడు.

చలి తగ్గాక, నర్సు ఆ దారిన పోతూ బ్రెడ్డు కొందామని ఆగింది. కౌంటరు వెనక కొసరమ్మ, ఆవిడ పక్కన పిండి చేతులతో కోడలు.

"సరిగ్గా వచ్చావు సిస్టరమ్మా! ఆయన్ని అడిగిన ప్రశ్న నన్నూ అడుగు."

నర్సు ఆవిడ మొహంలోకి చూసి, మెల్లగా అంది. "మీరు మాట్లాడలేని రోజు వస్తే, మీ తరఫున ఎవరు మాట్లాడాలి పిన్నిగారూ?"

"ఇంకెవరు! మా కోడలు."

"అయ్యో అత్తయ్యా! ఆ రోజు నాకు మాట రాకపోవడం మీరే చూశారుగా!" అంది కోడలు, కళ్ళు నింపుకుని.

"వస్తుందిలేవే... నాకు రాలేదూ?"

అంటూ కొసరమ్మ నర్సు సంచిలో బ్రెడ్డు పెట్టి, పైన ఒక బన్ను వేసింది. కోడలి వైపు ఓరగా చూసి, ఇంకొకటి కూడా వేసింది.