గార్డియన్ ఎవరు?

సోమవారం పొద్దున్నే దేవానందం ముఖం తోమిన ఇత్తడి చెంబులా మెరిసిపోతోంది. మెరవదూ మరి! నిన్న చర్చి ఆరాధనలో ఆయన చెప్పిన సాక్ష్యానికి సంఘమంతా కదిలిపోయింది. ముందు బల్లల మీది పెద్దమ్మలు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. పాస్టరు అయ్యగారు ప్రార్థనలో ఆయన కుటుంబాన్ని పేరుపెట్టి మరీ తలుచుకున్నారు. సంఘం వాట్సాప్ గ్రూపులో రాత్రి నుంచీ ‘ఆమెన్’లు వస్తూనే ఉన్నాయి. నేరేడ్‌మెట్‌లోని తన ఫ్లాటు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతూ, ఒక్కో ఆమెన్‌కీ ఓపిగ్గా వందనాలు పంపుతున్నాడాయన.

ఇంతకీ ఆ సాక్ష్యం తన గురించి కాదు, భార్య గురించి. “నా భార్య ఆలిస్‌కి మళ్ళీ చదువుకోవాలని ఆశ పుట్టింది. కానీ మతిమరుపు జబ్బుతో బాధపడుతున్న మా అమ్మ కోసం ఆ ఆశని దేవుని పాదాల దగ్గర పెట్టేసింది” అన్నాడు మైకులో. వినడానికి ఎంతో బాగుంది. చిక్కల్లా ఒక్కటే. తన ఆశని తాను ఎక్కడో పెట్టేసినట్టు ఆలిస్‌కి కూడా అప్పుడే, ఆడవాళ్ళ వైపు కూర్చుని వింటూ ఉండగానే తెలిసింది.

అలాగని దేవానందం చెడ్డవాడేం కాదు. సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా మందుల షాపుకి ముందు పరిగెత్తేది ఆయనే. పెళ్ళి కుదరాలన్నా, అద్దె ఇల్లు దొరకాలన్నా జనం ఆయన్నే పట్టుకుంటారు. ఏ.ఎస్. రావు నగర్ పక్కనున్న కంపెనీలో ఉద్యోగం చేసి నిరుడే రిటైరయ్యాడు. ఎవరికేది మంచిదో వాళ్ళకంటే తనకే బాగా తెలుసనుకోవడమొక్కటే ఆయనకున్న జబ్బు. దానికి మాత్రం ఏ షాపులోనూ మందు దొరకదు.

కప్పు కింద పెట్టి లోపలికొచ్చేసరికి ఆలిస్ ఇస్త్రీ చేసిన నూలుచీర కట్టుకుని, చేతిలో ఫైలుతో హాల్లో నిలబడి ఉంది.

“ఇవాళ ఎవరింట్లో ప్రార్థన?” అన్నాడు దేవానందం.

“ప్రార్థన కాదండీ. మారేడ్‌పల్లిలో ఇంటర్వ్యూ, పదకొండింటికి. ఆ డిప్లొమా కోర్సుకి.”

“అదేంటి? నిన్ననే కదా సంఘంలో చెప్పాను, నువ్వు మానుకున్నావని!”

“మీరు చెప్పారు. నేను మానుకోలేదు.”

ఆలిస్ గొంతు పెంచలేదు. పాతికేళ్ళ కాపురంలో ఆమె గొంతు పెంచిన సందర్భాలు దేవానందానికి పెద్దగా గుర్తు లేవు. అందుకే కాబోలు, ఆమె మాట ఎక్కడ ఆగిందో, ఎక్కడ మిగిలిపోయిందో ఆయన ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు.

వంటింట్లోంచి కూతురు హదస్సా ఇడ్లీ ప్లేటుతో వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. “డాడీ, పరేషాన్ అవ్వకు. నేనివాళ కాలేజీకి పోవట్లే. మమ్మీని స్కూటీ మీద దింపి వస్తా. జెర సేపు నానమ్మని నువ్వు చూడు, చాలు.”

“ఇవాళ సరే. సీటొస్తే? ఏడాదంతా ఎవరు చూస్తారు?”

“నువ్వు లేవా ఇంట్లో?” అంది హదస్సా.

“నేనా?” అన్నాడు దేవానందం. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇంట్లో పొద్దస్తమానం ఖాళీగా ఉండే మనిషి ఒకడున్నాడనీ, ఆ మనిషి తానేననీ ఆయనకి అంతవరకూ తట్టనేలేదు.

ఆ ఇంట్లో చూసుకోవలసిన మనిషి మేబెల్ గారు, దేవానందం తల్లి. ఒకప్పుడు ఆడపిల్లల స్కూల్లో హెడ్మిస్ట్రెస్. సికింద్రాబాద్‌లో ఏ ఆఫీసుకెళ్ళినా ‘మేబెల్ టీచరమ్మ మాకు చదువు చెప్పారండీ’ అనే ఆడమనిషి ఒకరైనా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ టీచరమ్మ ఏ రోజు ఏ ఏడాదిలో ఉంటారో ఆమెకే తెలీదు. పొద్దున్నే లేచి, బెల్లు కొట్టేశారా అని కంగారు పడతారు. దేవానందం ఓపిగ్గా, నిజాయితీగా, “అమ్మా, నువ్వు రిటైరై చాలా ఏళ్ళయింది” అని చెబుతాడు. ఆ మాట ప్రతిసారీ ఆవిడకి కొత్త కబురే. ప్రతిసారీ ఏడుస్తారు. ఆలిస్ అయితే గుమ్మంలోంచే, “ఇవాళ రెండో శనివారం మేడమ్, సెలవు” అంటుంది. ఆవిడ హాయిగా నవ్వి కాఫీ అడుగుతారు. దేవానందానికి ఇది అబద్ధంలా అనిపించేది. అబద్ధమైనా ఇల్లు ప్రశాంతంగా ఉంటోంది కదా అని ఊరుకునేవాడు.

ఆ కోర్సు కూడా ఇలాంటి పెద్దవాళ్ళని చూసుకోవడం గురించే. అదే దేవానందానికి మరీ మింగుడుపడలేదు.

“నాకర్థం కాక అడుగుతున్నా. ఇంట్లో పెద్దావిణ్ణి వదిలేసి, ఊళ్ళో పెద్దవాళ్ళని చూసుకోవడం నేర్చుకుంటానంటావా? ఎవరైనా వింటే నవ్వుతారు.”

“వదిలేసి కాదండీ. వారానికి నాలుగు రోజులు, అదీ మధ్యాహ్నం దాకానే.”

“రేపు సంఘంలో నేను ముఖమెలా చూపించను? అందరి ముందూ చెప్పానే! అయ్యగారు ప్రార్థన కూడా చేశారే!”

“చెప్పేముందు నన్నొక్క మాట అడిగారా?”

“అడగడమేంటి? నీ మనసు నాకు తెలీదా?” గొంతు పెంచాడు దేవానందం. “అయినా ఈ వయసులో నీకీ చదువేంటి ఆలిస్? చదివి ఎవర్ని ఉద్ధరించాలి?”

హదస్సా చేతిలో ప్లేటు టీపాయ్ మీద ఠక్కున పెట్టింది. “డాడీ! ఏందీ మాటలు?”

ఆలిస్ కూతురి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఏడవలేదు. ఎదురు చెప్పలేదు. ఫైలు మీద వేళ్ళు బిగించి, “పోనీలెండి. వెళ్ళను” అంది. ఆ రెండు ముక్కల్లో కోపం లేకపోవడం చూసి హదస్సాకి భయమేసింది. అమ్మ ఈసారి నిజంగానే మానుకుంటోందని ఆ పిల్లకి అర్థమైంది.

అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది.

“ఏమిటీ గలాటా? ఇది స్కూలనుకున్నారా, చేపల బజారనుకున్నారా?”

తెల్లచీరలో, చంకలో హ్యాండ్‌బ్యాగుతో, నిటారుగా మేబెల్ గారు. ఆమె చూపు వాళ్ళ ముగ్గురి మీదుగా వెళ్ళి, ఇస్త్రీ చీరతో, ఫైలుతో నిలబడ్డ ఆలిస్ దగ్గర ఆగింది. ముఖంలో గొప్ప వెలుగు వచ్చింది. నేరుగా భోజనాల బల్ల దగ్గరికి నడిచి కుర్చీలో కూర్చున్నారు.

“అడ్మిషన్ కోసమా అమ్మా? రా, కూర్చో.”

“అమ్మా, తను ఆలిస్, నీ కోడ...” అనబోయాడు దేవానందం. హదస్సా తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ష్! ఆగు డాడీ.”

ఆలిస్ అలవాటు ప్రకారం నమస్కారం పెట్టింది. “గుడ్ మార్నింగ్ మేడమ్” అని, ఫైలు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. అత్తగారు ఏ ఏడాదిలో ఉంటే ఆ ఏడాదిలోకి వెళ్ళి కూర్చోవడం ఆమెకి రోజూ ఉన్నదే.

“పేరు?”

“ఆలిస్ మేడమ్.”

“ఎంతదాకా చదివావు?”

“ఎం.ఏ. మొదటి ఏడు మేడమ్. పరీక్షల ముందు పెళ్ళి కుదిరింది.”

“ఊఁ” అన్నారు మేబెల్ గారు. ఎందరు ఆడపిల్లల నోట ఈ మాట విన్నారో, ఆ ఒక్క ‘ఊఁ’లో తెలిసిపోయింది. “ఎందుకు మానేశావని అడగను. అందరూ చెప్పేదే. ఆ తర్వాత ఏం నేర్చుకున్నావో చెప్పు. పుస్తకాల్లో ఉన్నది నాకొద్దు.”

ఆలిస్ ఎప్పుడూ అత్తగారి ప్రశ్నకి ఏదో ఒకటి తడుముకోకుండా అందిస్తుంది. ఇప్పుడు ఆ తేలికమాట నోటికి రాలేదు. నెమ్మదిగా మొదలుపెట్టింది.

“ఒక పెద్దావిణ్ణి చూసుకుంటున్నాను మేడమ్. చాలా చదువుకున్న మనిషి. ఇప్పుడు అన్నీ మరిచిపోతున్నారు. సొంతింట్లో కూర్చుని ఇంటికెళ్ళిపోతానంటారు. మొదట్లో, ఇదే మీ ఇల్లండీ అని వాదించేదాన్ని. పాపం, ఇంకా బెదిరిపోయేవారు. ఆవిడ చెప్పేది నిజం కాకపోవచ్చు మేడమ్. ఆవిడ భయం మాత్రం నిజం. మనం జవాబు చెప్పాల్సింది ఆ భయానికి. ఇది నాకెవరూ చెప్పలేదు. ఆవిడ దగ్గరే నేర్చుకున్నా.”

“ఆవిడ నిన్ను విసిగించదూ?”

ఆలిస్‌కి నవ్వొచ్చింది. “విసిగిస్తారు మేడమ్. నేనూ విసుక్కుంటా. బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఆవిణ్ణి చిన్నపిల్లని చేసి మాట్లాడకూడదని మొదట్లోనే అనుకున్నా. ఎదుటి మనిషి పేరు మరిచిపోయినా, ఆ మనిషి తనని ఎలా చూస్తున్నారో ఆవిడకి తెలుస్తుంది. ఆవిడ మర్యాద ఆవిడకి దక్కాలి. నేను నమ్మింది ఇదొక్కటే మేడమ్.”

ట్యాంకు ఖాళీ అయిపోతోంది, కుళాయి కట్టెయ్ అని హాల్లోంచి తాను ఎన్నిసార్లు కేకలేశాడో దేవానందానికి గుర్తొచ్చింది. ఆలిస్ వెంటనే కట్టేసేది. బయటికొచ్చాక ఆమె ముఖం వైపు చూసిన గుర్తు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

“ఇంత తెలిసినదానివి, ఇంకా చదువెందుకమ్మా?” అన్నారు మేబెల్ గారు.

“నాకు ఒక్కరిని చూసుకోవడమే తెలుసు మేడమ్. అదీ తప్పులు చేస్తూ. ఆవిడకి సాయంత్రమైతే దిగులెందుకో, ఏ మందు ఏం చేస్తుందో నాకు తెలీదు. తెలుసుకోవాలి. ఇక్కడి నుంచి అల్వాల్ దాకా ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నలుగురూ ఏమనుకుంటారోనని తలుపులేసుకుంటున్నారు. ఆ పెద్దవాళ్ళు పగటిపూట వచ్చి మర్యాదగా కూర్చునే చోటొకటి పెట్టాలని నా ఆశ. వాళ్ళని చూసుకునే కోడళ్ళు, కూతుళ్ళు ఆ కాసేపు కంటినిండా నిద్రపోవాలి.”

మాట్లాడుతున్న కొద్దీ ఆలిస్ నిటారుగా కూర్చుంది. దేవానందం కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఎందరెందరో ప్రసంగీకుల్ని విన్నాడు, తానూ మైకు పట్టుకుని ఎన్నో చెప్పాడు. ఇంత సూటిగా, ఇంత దయగా మాట్లాడిన మనిషిని ఎక్కడా వినలేదు. ఈ మనిషి తన ఇంట్లోనే, తనకి రోజూ అన్నం వడ్డిస్తూ ఉంది. ఎంత గొప్పదాన్ని పక్కన పెట్టుకుని ఎంత గుడ్డిగా బతికాననుకున్నాడు.

“మరి ఇన్నాళ్ళూ రాలేదేం? ఎవరైనా వద్దన్నారా?”

ఆలిస్ తల దించుకుంది. “వద్దని ఎవరూ అనలేదు మేడమ్. నీకేం కావాలని ఎవరూ అడగలేదు. అంతే.”

“నేనడుగుతున్నా. నీకు చదువుకోవాలని ఉందా?”

“ఉంది మేడమ్” అంది ఆలిస్. ఇందాక రాని ఏడుపు ఆ ఒక్క మాటతో పొంగుకొచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేబెల్ గారు బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచారు. “సీటిచ్చాం. గార్డియన్ ఎవరు?”

ఆవిడ కళ్ళు గదంతా తిరిగి కొడుకు మీద ఆగాయి. “ఏమయ్యా, నువ్వేనా? ఇలాంటి పిల్లని ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టావా? బుద్ధుండక్కర్లా?”

నేను నీ కొడుకునమ్మా అనే మాట దేవానందం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. రెండడుగులు ముందుకేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పయింది మేడమ్.”

“రేపట్నుంచి పంపిస్తావా?”

“ఇవాళే పంపిస్తాను మేడమ్.”

ఆలిస్ తలెత్తి భర్త వైపు చూసింది. దేవానందం ఆ చూపుని తప్పించుకోలేదు. బల్ల మీది ఫైలు తీసి ఆమె చేతికిచ్చాడు.

“నేను చెప్పింది సాక్ష్యం కాదు ఆలిస్. నీ మాట నేను లాగేసుకున్నాను. వచ్చే ఆదివారం అదే మైకులో...”

“మైకు వద్దు డాడీ, ప్లీజ్!” అంది హదస్సా ఏడుస్తూనే నవ్వుతూ.

“అదంతా తర్వాతండీ” అంది ఆలిస్ కళ్ళు తుడుచుకుంటూ. “అత్తయ్యగారికి ఇంకాసేపటికి మజ్జిగ ఇవ్వండి. ఇంటికెళ్తానంటే కాదనకండి. ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడగండి. అన్నీ చెబుతారు.”

“సరే. మిగతావి సాయంత్రం వచ్చాక నేర్పు. నాకేమీ రాదు” అన్నాడు దేవానందం. పాతికేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

రైల్వే గేటు పడకముందే వెళ్ళాలని హదస్సా తొందరపెట్టింది. తల్లీకూతుళ్ళు గబగబా మెట్లు దిగారు. బాల్కనీలోంచి చూస్తే స్కూటీ వెనక సీట్లో ఆలిస్, ఫైలుని గుండెలకి హత్తుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆమె ముఖం ముందుకే ఉండటం చూసి దేవానందానికి సంతోషమేసింది. బండి సందు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, తల్లి పక్క కుర్చీలో కూలబడ్డాడు. అప్పటిదాకా బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటికొచ్చి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మేబెల్ గారు కంగారుపడ్డారు. హ్యాండ్‌బ్యాగు తెరిచి, మడత పెట్టిన చేతిరుమాలు తీసి, ఎవరో తెలియని ఆ మనిషి కళ్ళు తుడిచారు.

“ఊరుకోవయ్యా. మీ అమ్మాయికి సీటిచ్చేశాం కదా, ఇంకా ఏడుస్తావెందుకు? మంచి పిల్ల. బాగా పెంచారు.”

“మేం పెంచలేదు మేడమ్” అన్నాడు దేవానందం, తల్లి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని. “తనే పెరిగింది.”