ఎర్ర వ్యాసలీన్

ఉదయం ఏడూ పదికి బతికి ఉన్న మనిషి ఏడూ నలభై ఏడుకి శవమయ్యాడు.

ఒంటి మీద గాయం లేదు. సొంత కారు, ముందు సీటు, కాళ్ళకు చెప్పులు. ఆస్పత్రికని బయలుదేరి షెడ్డు గుమ్మం దాటకుండానే పోయాడు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయనిచ్చిన జోడు పెట్టుకుంటే మసకచూపు ముసలమ్మ కూడా చీమకు మీసాలున్నాయో లేవో చెప్పేస్తుందని జనం కోతలు కోసేవారు. చూపు బాగుచేసే మనిషికి గుండె మాత్రం రెండేళ్ళుగా మొరాయిస్తోంది.

మధ్యాహ్నం మూడింటికి ఆయన కూతురు పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. ఇరవై మూడేళ్ళుంటాయి. రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్.

"మా నాన్నని నేనే చంపాను. రాసుకోండి" అంది.

హెడ్ కానిస్టేబుల్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన్ని స్టేషన్‌లో లౌడ్‌స్పీకర్ అంటారు. గుసగుసలాడితే మూడు వీధులకు వినిపిస్తుంది. ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

ఇన్‌స్పెక్టర్ తల ఎత్తాడు. ఆయన పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ 'నిదానం గారు'. ఒకసారి దొంగ కోసం మాటు వేసి ఎంత కదలకుండా కూర్చున్నాడంటే, కాకి ఆయన భుజాన్ని చూసి పుల్లలు ఏరుకొచ్చిందట. కాకి సంగతి అబద్ధమే అనుకున్నా దొంగ దొరికిన మాట నిజం.

"కూర్చోమ్మా. ఎలా చంపావ్?"

"నిన్న సాయంత్రం కారు షెడ్డులో పెట్టింది నేనే. ఆరూ యాభైకి. లైట్లు ఆర్పలేదు. రాత్రంతా వెలిగి బ్యాటరీ చచ్చిపోయింది. పొద్దున నాన్నకి గుండెల్లో నొప్పొస్తే కారు కదల్లేదు."

"ఆర్పలేదని నీకు గుర్తుందా?"

"ఆర్పాననే అనుకున్నాను. కానీ లైట్ల లివర్ ఆన్‌లోనే ఉంది సార్. పదింటికి బాబాయ్ అందరికీ చూపించాడు."

"పొద్దున సెల్ఫ్ కొడితే ఏమైంది?"

"టకటకమంది. మీటర్ల దగ్గర బొమ్మలన్నీ వెలిగాయి. మళ్ళీ కొట్టాను. మళ్ళీ టకటక. ఏడూ పద్నాలుగు నుంచి ఏడూ ఇరవై నాలుగు దాకా కొడుతూనే ఉన్నాను. ఎవరైనా వస్తారని హారన్ కూడా మోగించాను. ఎవరూ రాలేదు. అప్పుడు అంబులెన్స్‌కి చేశాను. పది నిమిషాలు వృథా చేశాను సార్. ఆ పది నిమిషాలూ నాన్న పక్కనే కూర్చుని 'కంగారు పడకు తల్లీ' అంటూనే ఉన్నాడు."

"ఇంట్లో ఏమంటున్నారు?"

"అమ్మ ఒక్కమాటే అంది. 'నువ్వే చంపావే' అంది. తర్వాత నా మొహం చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ రాస్తున్న కాగితం మీద రెండు మాటల కింద గీత గీశాడు. టోపీ తీసుకుని లేచాడు.

"సార్, లైట్లు మర్చిపోతే ఏ సెక్షన్ కింద..." లౌడ్‌స్పీకర్ గొంతు తగ్గించబోయాడు. బయట సైకిల్ మీద పోయేవాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏ సెక్షనూ లేదు. అందుకే వెళ్తున్నాం. సెక్షన్ లేని శిక్షకి గడువుండదయ్యా. ఈ పిల్ల చచ్చేదాకా అనుభవిస్తుంది."

మూడూ నలభై.

ఒకే ప్రహరీలో రెండు ఇళ్ళు. ఒకటి అన్నది, ఒకటి తమ్ముడిది. మధ్యలో రేకుల షెడ్డు. అందులో రెండు కార్లు, ఒకే మోడల్, ఒకే బూడిద రంగు. అన్నదమ్ములు తొమ్మిదేళ్ళ క్రితం ఒకే రోజు కొన్నారు. కార్లు ఇంకా కవలపిల్లల్లా పక్కపక్కనే ఉన్నాయి. అన్నదమ్ములకు మాత్రం రెండేళ్ళుగా మాటల్లేవు. గొడవ దేనికంటే, గేటు వైపు ఎవరి కారు ఉండాలని. పాముకీ ముంగిసకీ అయినా ఇంతకంటే పెద్ద కారణం ఉండి ఉంటుంది.

శవం ముందుగదిలో అద్దాల పెట్టెలో ఉంది. భార్య గోడకానుకుని కూర్చుంది. కూతురు లోపలికి వెళ్ళకుండా వరండా మెట్టు మీదే ఆగిపోయింది.

తమ్ముడు ఎదురొచ్చాడు. సర్వేయర్. ఎండకు మాడిన మొహం. కడిగి కడిగి ఎర్రబడిన చేతులు.

"ఎందుకు సార్ ఇదంతా? చిన్నపిల్ల, మర్చిపోయింది. మా రాత అంతే అనుకున్నాం" అన్నాడు.

"నొప్పి వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"సర్వే పని మీద పొద్దున ఐదున్నరకే వెళ్ళిపోయాను. అరవై కిలోమీటర్లు. ఫోన్ వస్తే తొమ్మిదీ ఇరవైకి తిరిగొచ్చాను."

"మీ కారులోనే?"

"మరి? నా కారులోనే."

ఇన్‌స్పెక్టర్ అన్న కారులో కూర్చున్నాడు. లైట్ల లివర్ ఆన్‌లో ఉంది. తాళం తిప్పాడు. చప్పుడు లేదు. బొమ్మ ఒక్కటీ వెలగలేదు. హారన్ నొక్కాడు. రాయి నొక్కినట్టుంది.

ఆయన నాలుగోసారి కూడా నొక్కాడు.

"బ్యాటరీ చచ్చింది సార్, ఎన్నిసార్లు నొక్కినా అంతే" అన్నాడు తమ్ముడు. "ఇరవై రోజుల క్రితం వేయించారు. ఏ నాసిరకమో అంటగట్టి ఉంటాడు ఆ షాపువాడు."

నాలుగూ ఐదుకి ఇన్‌స్పెక్టర్ ఆ షాపులో ఉన్నాడు. బోర్డు మీద 'బ్యాటరీ డాక్టర్' అని రాసుంది. డాక్టరు బట్టతల, పొట్టి మనిషి. యాసిడ్ చుక్కలు పడి చొక్కా జల్లెడ అయింది.

"నాసిరకమా? నేనా?" అని ఎగిరాడు. "సార్, బ్యాటరీ ఎంచుకోవడం అంటే ఆ అమ్మాయిని చూసి నేర్చుకోవాలి. కారు పుస్తకం పట్టుకొచ్చింది. ఎన్ని ఆంపియర్లు, ప్లస్ ఏ వైపు, అన్నీ సరిచూసుకుంది. మొదట నేనిచ్చిందాని మీద తయారైన నెల చదివి, 'ఇది ఎనిమిది నెలలుగా మీ అరలో నిద్రపోతోంది, తాజాది ఇవ్వండి' అంది. 'నాన్నకి గుండె బాగాలేదు, కారు ఏ వేళైనా కదలాలి' అంది. నలభై ఏళ్ళ సర్వీసులో నాకు చెమటలు పట్టించిన కస్టమర్ సార్!"

"హెడ్‌లైట్లు పన్నెండు గంటలు వెలిగితే ఆ బ్యాటరీ ఎలా ఉంటుంది?"

"ఐదారు గంటలకే శవం. బొమ్మ వెలగదు, కుక్కపిల్ల మూలిగినంత చప్పుడు కూడా రాదు."

"బొమ్మలు వెలిగి, హారన్ మోగి, సెల్ఫ్ కొడితే టకటకమంటే?"

"అది వేరే జబ్బు. నాలుగైదేళ్ళ ముసలి బ్యాటరీ. లోపల ఒక సెల్ పోయుంటుంది. దీపాలకి సరిపోతుంది, ఇంజన్ తిప్పే బలం ఉండదు. నిన్నటిదాకా బాగానే ఉండి, ఇవాళ హఠాత్తుగా చేతులెత్తేస్తుంది."

ఇన్‌స్పెక్టర్ కాసేపు గోడకేసి చూశాడు. ఆ కాసేపట్లో లౌడ్‌స్పీకర్ రెండుసార్లు ఆవలించాడు.

"మీరు బిగించిన బ్యాటరీని వేరేవాళ్ళు ఊడదీస్తే మీకు తెలుస్తుందా?"

డాక్టర్ ముసిముసిగా నవ్వి ఒక డబ్బా మూత తీశాడు. లోపల వ్యాసలీన్. కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంది.

"రంగు నేనే కలుపుతా. బిగించేముందు, వైర్లు తగిలించే టెర్మినళ్ళకి రాస్తా. ఎవడో కెలికి పాడుచేసి, వారంటీ అని నా దగ్గరకొస్తే పట్టుకోవాలి కదా! ఈ ఎరుపు ఇంకే షాపులోనూ లేదు."

"డబ్బా మూసెయ్యండి. పానాలు పట్టుకుని జీపెక్కండి."

ఐదింటికి మళ్ళీ షెడ్డు. ఈసారి ఇన్‌స్పెక్టర్ అందరినీ పిలిపించాడు. భార్య, కూతురు, తమ్ముడు.

"సర్వేయర్ గారూ, మీ కారు ఒకసారి స్టార్ట్ చేయండి."

"నాదా? దానికీ దీనికీ ఏం సంబంధం?"

"చేయండి."

తమ్ముడు తాళం తిప్పాడు.

మీటర్ల దగ్గర బొమ్మలన్నీ వెలిగాయి. టక, టక, టక, టక.

షెడ్డు గుమ్మంలో కూర్చున్న అమ్మాయి చటుక్కున లేచింది. "అదే చప్పుడు. పొద్దున నేను విన్నది ఇదే. కానీ... అది నాన్న కారు కదా!"

తమ్ముడు తాళం వెనక్కి తిప్పాడు. "బ్యాటరీలన్నీ పోయేముందు ఇలాగే కొట్టుకుంటాయి. నాది ఇప్పుడే పోయినట్టుంది."

"పొద్దున నూట ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చిన బ్యాటరీ, ఇప్పుడే పోయిందా?"

"పోకూడదా?"

"పోవచ్చు. డాక్టర్ గారూ, ముందు ఈ కారు వైర్ల చివర క్లాంపులు విప్పండి."

డాక్టర్ పానా వేశాడు. క్లాంపు పైభాగం శుభ్రంగా తుడిచి ఉంది. లోపలివైపు వేలు పెట్టి తీశాడు. వేలి కొస ఎర్రగా మెరిసింది.

"మీ బ్యాటరీ ఎక్కడ కొన్నారు సర్వేయర్ గారూ?"

"నా దగ్గర మాత్రం కాదు" అన్నాడు డాక్టర్.

"ఇక అన్నగారి కారు."

అక్కడ క్లాంపు లోపల తెల్లటి పొడి, ఉప్పులా పేరుకుని ఉంది.

"ఇరవై రోజుల పసిబిడ్డకి నెరిసిన జుట్టు ఎలా వస్తుంది సార్?" అన్నాడు డాక్టర్. "ఇది ముసలి బ్యాటరీ నుంచి అంటుకున్నదే."

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వైపు తిరిగాడు. ఆమెకు మాత్రమే చెబుతున్నట్టు చెప్పాడు.

"మధ్యాహ్నం నువ్వు నేరం ఒప్పుకున్నావ్ కదమ్మా, అందులోనే నీ సాక్ష్యం ఉంది. బొమ్మలు వెలిగాయన్నావ్. హారన్ మోగిందన్నావ్. రాత్రంతా లైట్లు వెలిగితే అవి రెండూ జరగవు. పొద్దున ఏడింటికి మీ నాన్న కారులో ఉన్నది నువ్వు ఎంచి కొన్న బ్యాటరీ కాదు. అది మీ బాబాయ్ కారులో ఉంది, అరవై కిలోమీటర్ల అవతల. ఆయన తిరిగొచ్చి, అందరూ శవం దగ్గరుండగా రెండూ మళ్ళీ మార్చేశాడు. లైట్ల లివర్ ఆన్ చేశాడు కానీ, వెలిగి కనిపించకుండా ఒక వైరు బిగించలేదు. అందరికీ లివర్ చూపించాక ఆ వైరు బిగించి, నువ్వు కొన్న బ్యాటరీ చచ్చేదాకా లైట్లు వెలగనిచ్చాడు. నువ్వు లైట్లు ఆర్పావు. అది మాత్రం రాసిపెట్టుకో."

తమ్ముడు కారు దిగి చక్రం పక్కనే కూర్చుండిపోయాడు.

"నిన్న సాయంత్రం నా బ్యాటరీ పోయింది. ఎంత కొట్టినా తిరగలేదు. సర్వే తప్పితే ఉద్యోగం పోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక, ఎప్పుడూ తాళం వేయని అన్నయ్య కారులో నాది పెట్టి, అన్నయ్యది తీసుకున్నాను. పది గంటలకి షాపులు తెరిస్తే కొత్తది కొని, అన్నయ్యది అన్నయ్యకి పెట్టేద్దామనుకున్నాను. ఎవరికీ తెలియకుండా అయిపోతుందనుకున్నాను."

"అన్నని అడగొచ్చుగా?"

"రెండేళ్ళయింది సార్ మాట్లాడి. నోరు రాలేదు."

"చచ్చిన అన్న పక్కన నిలబడి పిల్ల మీద నింద వేయడానికి వచ్చిందే!" అన్నాడు లౌడ్‌స్పీకర్. ఆ మాట అన్ని వీధులకూ వినిపించింది. ఇన్‌స్పెక్టర్ వారించలేదు.

అంతవరకూ స్తంభంలా నిలబడ్డ భార్య ఇంట్లోకి వెళ్ళింది. ఎర్రదీ నల్లదీ, లావుపాటి వైర్ల చుట్ట ఒకటి తెచ్చి మరిది ముందు పడేసింది. ఒక కారు బ్యాటరీతో మరో కారును స్టార్ట్ చేసే జంపర్ కేబుళ్ళు.

"నిన్న నువ్వు సెల్ఫ్ కొడుతుంటే మీ అన్న విన్నాడు. 'వాడి బ్యాటరీ పోయినట్టుంది, అడిగితే మన కారు నుంచి స్టార్ట్ చేసిద్దాం, ఐదు నిమిషాల పని' అని ఇవి తీసి వరండాలో పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాడు. 'నేనే వెళ్ళనా' అన్నాడు. నేనే వద్దన్నాను. 'అడగనీ' అన్నాను."

తమ్ముడు ఆ వైర్ల మీద చెయ్యి కూడా వేయలేకపోయాడు.

లౌడ్‌స్పీకర్ అతని భుజం పట్టి లేపి జీపు వైపు నడిపించాడు. దొంగతనం, సాక్ష్యం తారుమారు. వీటికి సెక్షన్లున్నాయి.

తల్లి కూతురి దగ్గరకు వచ్చింది. చెయ్యి ముందుకు చాపి, తాకడానికి ధైర్యం చాలక అక్కడే ఆపేసింది.

"పొద్దున నేను అన్నమాట... ఒంటి మీద తెలివి లేక అన్నానే తల్లీ. నువ్వు కాదు. నీ తప్పు లేదు."

"తెలుసమ్మా. ఇప్పుడే తెలిసింది."

"మరి లోపలికి రా. నాన్న దగ్గర కూర్చో."

"వస్తాను." అమ్మాయి అమ్మ చేతిని పట్టుకుంది. పట్టుకుంది కానీ మొహం మాత్రం చూడలేదు. "ఆ మాట అనేముందు నువ్వు ఒక్కక్షణం కూడా ఆలోచించలేదమ్మా."



ఇద్దరూ చేతులు పట్టుకునే లోపలికి నడిచారు.